హంపికి 42 మంది పిల్లల వెంట

మన ఇళ్ళల్లో పిల్లల బడి టూరు అంటే డబ్బు కట్టేది, సంచి సర్దేది, రాత్రి ఫోను వస్తుందా అని కాచుకొని కూర్చునేది. వెంట పోయే పని మనకు పెద్దగా తగలదు. ఈసారి మా పాప బడిలో ఏడో తరగతి పిల్లల్ని మూడు రోజులు చిత్రదుర్గ, హంపి చూపించేదానికి తీసుకొని పోతామన్నారు. టీచర్లు నలుగురు వస్తారు, వాళ్ళకు తోడు తల్లిదండ్రుల్లో ఇద్దరు కావాల అని చీటీ పంపినారు. మేమిద్దరం పేర్లిచ్చినాము. హంపి మీద ఇష్టం ఒక కారణం. ఇంకో కారణం ఇంట్లోది, అది ముందు చెప్పుకోవాల.

మా సొంతూరు చింతామణి పక్క పల్లె. ఇప్పుడుండేది బెంగళూరు. ఇద్దరమూ చదివింది కన్నడ మీడియం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, వీధిలో రెండూ, ఆఫీసులో ఇంగ్లీషు. ఇట్లా పెరిగినవాళ్ళం. కోలారు, చిక్కబళ్ళాపురం పక్క ఇది వింత కాదు. సంతకు పోతే బేరం ఒక భాషలో మొదలై ఇంకో భాషలో ముగుస్తుంది. కానీ బెంగళూరులో పుట్టిన మా పాపకు ఇది బరువైంది. అవ్వ ఇంట్లో పిలిస్తే తెలుగులోనే బదులు చెప్తుంది. అదే అవ్వ బడి గేటు దగ్గర "ఏమ్మా, అన్నం తింటివా?" అంటే నేల చూస్తుంది. బడిలో ఎవరో "మీది ఆంధ్రనా?" అని అడిగినారంట. మా వాళ్ళు ఆంధ్ర చూసింది తిరుపతికి పోయినప్పుడే. ఆ మాట చెప్తే పాప నమ్మింది గానీ, గేటు దగ్గర నోరు మాత్రం తెరవలేదు. మేము బలవంతం చేయలేదు. భాష తిట్టి నేర్పేది కాదు కదా.

ఇంక పిల్లల లెక్క సంగతి. మాలో ఒకరి పని సాఫ్ట్‌వేర్ టెస్టింగు. పొద్దున్నుంచి సాయంత్రం వరకు "ఇది యాడ చెడిపోతుంది?" అని ఆలోచించేదే ఉద్యోగం. 42 మంది పిల్లల్ని తీసుకొని పోయేటప్పుడు ఆ అలవాటు బాగా పనికొచ్చింది. తలలు లెక్కపెట్టేది అందరూ చేస్తారు, కానీ కదిలే తలలు లెక్కకు అందవు. ఒకడు వంగి చెప్పు సరిచేసుకుంటాడు, ఇంకొకతె వెనక్కి తిరుగుతుంది, లెక్క 41 అవుతుంది, మళ్ళీ లెక్కేస్తే 43 అవుతుంది. అందుకని టీచర్లతో మాట్లాడి ప్రతి బిడ్డకూ ఒక నంబరు ఇచ్చినాము. ఈల వేస్తే వరసగా ఎవరి నంబరు వాళ్ళు కన్నడంలో చెప్పాల: ఒందు, ఎరడు, మూరు. ఎక్కడ ఆగితే ఆ నంబరు బిడ్డ లేదని అర్థం. ఎవరు లేరో వెతుక్కునే పని లేదు. దాంతోబాటు ఇద్దరిద్దరికి జత కట్టినాము. జతలో ఒకరు బాత్‌రూముకు పోయినా రెండోవాళ్ళు చెప్పి పోవాల. బస్సు దిగినప్పుడు ఒకసారి, ఎక్కినప్పుడు ఒకసారి, చోటు మారినప్పుడల్లా ఒకసారి. మొదటి రోజు పిల్లలు విసుక్కున్నారు, రెండో రోజుకు అది ఆట అయిపోయింది.

తెల్లవారుజామున బయలుదేరినాము. తుమకూరు, హిరియూరు మీదుగా చిత్రదుర్గ సుమారు 200 కిలోమీటర్లు. నిమ్మకాయలు, ప్లాస్టిక్ కవర్లు, ఓఆర్ఎస్ పొట్లాలు ముందు సీట్లోనే పెట్టుకున్నాము. శిరా దాటేలోపు నాలుగు కవర్లు ఖర్చయినాయి.

చిత్రదుర్గ కోటలో పిల్లలకు కావలసింది ఒకటే, ఓబవ్వ కిండి. కావలివాడి భార్య ఓబవ్వ. మొగుడు అన్నం తింటుంటే నీళ్ళకని పోయి, బండల సందులోంచి హైదర్ అలీ సైనికులు ఒక్కొక్కరే దూరి వచ్చేది చూసింది. చేతిలో రోకలితో ఒక్కొక్కరినే కొట్టి పడేసిందని కథ. అందుకే ఆమె పేరు ఒనకె ఓబవ్వ. ఒనకె అంటే మన రోకలే. ఆ సందు చూస్తే కథ వెంటనే అర్థమవుతుంది. మనిషి వంగి, తల ముందు పెట్టి, ఒక్కడే రాగలడు. పెద్ద తలుపు ఎంత గట్టిగా ఉన్నా చిన్న సందు మరచిపోతే కోటకు ముప్పే. టెస్టింగు పని చేసేవాళ్ళకు ఇంతకన్నా మంచి పాఠం ఇంకొకటి లేదు. చివరకు 1779లో ఆ కోట హైదర్ చేతిలో పడింది, అదీ పిల్లలకు చెప్పినాము. ఓబవ్వ గెలిచింది ఆ రోజు మాత్రమే అంటే కొంతమందికి కోపం వచ్చింది.

అక్కడ అక్కా తంగి హొండ అని వాన నీళ్ళు పట్టే కొలను ఉంది. తంగి అంటే చెల్లెలు. మా పాప పక్కనుండే స్నేహితురాలికి ఏదో చెప్పబోయి, మమ్మల్ని చూసి ఆగిపోయింది. "అక్కాచెల్లెళ్ళ కొలను" అనే మాటే నోటిదాకా వచ్చిందని మేము అనుకున్నాము.

గొడవ మొదలైంది అక్కణ్ణుంచి హొసపేటకు పోయే దోవలో. పాటలు పాడి పాడి అలసిపోయినాక ఎవరో అడిగినారు, కృష్ణదేవరాయలు యావ భాషె రాజు అని. ఒక పాప, వాళ్ళది బళ్ళారి, "తెలుగు రాజు, మా తాత చెప్పినాడు" అనింది. వెంటనే వెనక సీటునుంచి ఒక పిల్లోడు లేచినాడు. వాడి నంబరు 27. "కన్నడ రాజు! హంపి యెల్లిదె? కర్ణాటకదల్లి!" అని గొంతు చించుకున్నాడు. అర నిమిషంలో బస్సు రెండు పార్టీలైంది. మా పాప కిటికీలోంచి బయటికి చూస్తా కూర్చుంది. ఏ పార్టీలోనూ చేరలేదు. టీచరమ్మ అరిచి ఆపినారు గానీ ఆపినంత మాత్రాన ప్రశ్న పోదు.

ఈ గొడవ పిల్లలది మాత్రమే కాదు, మన పెద్దలదే. మా అవ్వ కాలంలో ఎన్టీఆర్ కృష్ణదేవరాయలుగా "మహామంత్రి తిమ్మరుసు" 1962లో వచ్చింది. మళ్ళీ 1970లో రాజ్‌కుమార్ కృష్ణదేవరాయలుగా కన్నడంలో "శ్రీ కృష్ణదేవరాయ" వచ్చింది, దాన్ని తీసింది మన కోలారు సీమ మనిషి బి.ఆర్. పంతులు. అవ్వ రెండూ చూసింది. రాజు ఎవరివాడని ఆమెకు ఎప్పుడూ అనుమానం రాలేదు. ఇద్దరూ బాగున్నారంటుంది. అనుమానం వచ్చింది మాకు, మా పిల్లలకు.

రెండో రోజు పొద్దున విరూపాక్ష గుడి. రంగమండపం ముందర ఒక శాసనం నిలబెట్టి ఉంది. కృష్ణదేవరాయలు పట్టాభిషేకం సందర్భంగా ఆ మండపం కట్టించిన సంగతి దాంట్లో ఉంది. కాలం 1510, భాష సంస్కృతమూ కన్నడమూ. మాతో వచ్చిన గైడు పెద్దాయన, హంపి పక్క ఊరే. పిల్లలు ఆయన్ను చుట్టుకొని నిన్నటి ప్రశ్న అడిగినారు. ఆయన నవ్వి, "మొదలు ఆ రాయి చూడండి, మీకు ఎన్ని అక్షరాలు తెలుస్తాయో చెప్పండి" అన్నారు. పిల్లలు ముక్కులు ఆనించి చూసినారు. శ్రీ దొరికింది, ర దొరికింది, గ దొరికింది, మిగతావి జారిపోయినాయి.

అప్పుడు ఆయన చెప్పిన మాట మాకు ఆ మూడు రోజుల్లో అన్నిటికన్నా విలువైనది. ఆ కాలంలో కన్నడ లిపి వేరు, తెలుగు లిపి వేరు అని ఇప్పటంత తేడా లేదు. శాసనాలు చదివే పండితులు దానికి తెలుగు-కన్నడ లిపి అనే పేరు పెట్టినారు. మెల్లమెల్లగా దారులు వేరైనాయి, 19వ శతాబ్దంలో అచ్చు వచ్చినాక ఆ తేడా గట్టిపడింది. అందుకని విజయనగరం కాలం రాయి ఒకటి ముందర పెట్టి, దూరంనుంచి చూసి ఇది కన్నడమా తెలుగా అని చెప్పేది కష్టం. అక్షరం చూస్తే తెలియదు, మాట చదివితేనే తెలుస్తుంది. రెండూ స్వస్తిశ్రీ అనే మొదలవుతాయి. శకవరుష అని ఉండి, చివర్లో కొట్టరు అని వస్తే కన్నడం. శకవర్షంబులు అని ఉండి, ఇచ్చిరి అని వస్తే తెలుగు. నడిమధ్య బిరుదులన్నీ సంస్కృతమే, రెంటికీ ఒకటే.

ఆ తర్వాత రాజు సంగతి. మాకు తెలిసింది మేమూ జోడించినాము. ఆయన వంశం పేరు తుళువ. ఆయన బిరుదుల్లో ఒకటి కన్నడ రాజ్య రమారమణ. ఆయన రాసిన పెద్ద కావ్యం ఆముక్తమాల్యద తెలుగులో ఉంది, దాన్ని రాయమని కలలో చెప్పింది కృష్ణా తీరంలో శ్రీకాకుళం ఆంధ్ర విష్ణువు అని ఆ కావ్యంలోనే ఉంది. ఆ కావ్యంలో కథ గోదాదేవిది, తమిళ సీమ శ్రీవిల్లిపుత్తూరుది. నాటకం రాసింది సంస్కృతంలో, పేరు జాంబవతీ కల్యాణం. ఆయన కాలంలోనే తిమ్మణ్ణ కవి, కుమారవ్యాసుడు నిలిపిన చోటినుంచి కన్నడ భారతం పూర్తిచేసినాడు, దాని పేరే కృష్ణరాయ భారత. ఇన్ని చెప్పినాక బళ్ళారి పాప అడిగింది, "అయితే ఎవరి రాజు?" గైడు పెద్దాయన, "పన్ను కట్టినవాళ్ళందరికీ రాజే" అన్నారు. పిల్లలు నవ్వినారు. 27వ నంబరు మాత్రం నవ్వలేదు.

గుడి వెనక చీకటి గదిలో చిన్న కంతలోంచి వెలుతురు వచ్చి, ఎదురుగోడ మీద గోపురం తలకిందులుగా పడుతుంది. సైన్సు టీచరమ్మకు అది పండగే. పిల్లలు దాని ముందర చేతులాడించి గోపురాన్ని మింగినారు, ఉమ్మినారు.

కృష్ణుడి గుడి దగ్గర ఇంకో ముడి ఉంది. ఉదయగిరి కోటను గజపతుల దగ్గర గెలిచి, అక్కడి బాలకృష్ణుడి విగ్రహం తెచ్చి 1515లో ఇక్కడ నిలిపినాడు రాయలు. ఆ ఉదయగిరి ఇప్పుడు నెల్లూరు జిల్లాలో ఉంది, గజపతులు ఒడిశా రాజులు, విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది, గుడి కర్ణాటకలో ఉంది. ఒక్క బాలకృష్ణుడి చుట్టూ ఇప్పటి నాలుగు రాష్ట్రాలు!

అక్కణ్ణుంచి కొంచెం దూరంలోనే నరసింహుడు. ఒకే బండలో చెక్కింది, 6.7 మీటర్ల ఎత్తు, కాలం 1528. తొడమీద లక్ష్మీదేవి ఉండేది. ఇప్పుడు లేదు. వెనక్కి పోయి చూస్తే ఆమె చెయ్యి మాత్రం ఇంకా స్వామి వీపుమీద ఉంది. పిల్లలు ఆ చెయ్యి చూసి గమ్మునైపోయినారు. "ఎవరు పగలగొట్టినారు?" అని ఒకడు అడిగినాడు.

ఇలాంటి ప్రశ్నకు ఎట్ల బదులు చెప్పాల అనేది పిల్లల వెంట పోయేవాళ్ళు ముందే ఆలోచించుకొని పోవాల. మా జతల్లో ఉర్దూ మాట్లాడే ఇళ్ళ పిల్లలు ముగ్గురున్నారు. ప్రశ్న వచ్చినప్పుడు కొన్ని కళ్ళు వాళ్ళవైపు తిరిగేది మేము చూసినాము. జరిగింది దాచలేదు. 1565లో అళియ రామరాయలకూ, బీజాపుర, అహ్మద్‌నగర, గోల్కొండ, బీదరు సుల్తానులకూ యుద్ధమైంది, రామరాయలు చనిపోయినాడు, రాజధాని పాడైంది. ఇది చెప్పి, దాంతోనే ఇంకొకటి చెప్పినాము. ఆ నలుగురిలో గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా, అంతకుముందు ప్రాణభయంతో పారిపోయి వచ్చి, 1543 నుంచి 1550 వరకు ఇదే విజయనగరంలో తలదాచుకున్నాడు. అన్నం పెట్టింది ఈ ఊరే. తెలుగు కవుల్ని ఆదరించినాడు, వాళ్ళు ఆయన్ను మల్కిభరాముడని పిలిచినారు. అద్దంకి గంగాధర కవి ఒక కావ్యం ఆయనకు అంకితం ఇచ్చినాడు. అదే మనిషి తర్వాత ఇదే ఊరిమీదికి దండెత్తి వచ్చినాడు. "మనవాడా, పరాయివాడా?" అని పిల్లల్ని అడిగితే ఎవరూ చెయ్యెత్తలేదు. ఉర్దూ ఇంటి పిల్లోడొకడు మాత్రం "తెలుగు ఆతనికి వస్తుండెనా?" అని కన్నడంలో మెల్లగా అడిగినాడు. వస్తుండెనని చెప్పినాము. ఆ తర్వాత కళ్ళు వాళ్ళవైపు తిరగలేదు.

మధ్యాహ్నం విఠలుడి గుడి. బండ్లు నిలిపే చోటినుంచి గుడిదాకా కరెంటు బండ్లలో పోవాల. ఒక్కొక్క బండిలో కొంతమందే పడతారు, అంటే 42 మంది ముక్కలు ముక్కలుగా పోయి, ముక్కలు ముక్కలుగా తిరిగి రావాల. మా లిస్టులో ఎర్రగీత గీసుకున్న చోటు ఇదే. పోయేటప్పుడు అంతా సరిగ్గా జరిగింది. రాతి రథం ముందర పిల్లలు 50 రూపాయల నోట్లు తీసి బొమ్మ సరిచూసుకున్నారు. ఇప్పుడు కనిపించేది మొత్తం రథం కాదు, పైన ఇటికెల గోపురం ఒకటుండేది, 1856లో గ్రీన్‌లా తీసిన ఫోటోలో అది ఉంది అని చెప్తే నోట్లు మడిచి లోపల పెట్టుకున్నారు. స్తంభాలు కొట్టి సంగీతం వినేది ఇప్పుడు కుదరదు, కొట్టనీయరు. మంచిదే.

తిరిగి వచ్చినాక ఈల వేసినాము. ఒందు, ఎరడు... ఇప్పత్తారు. ఆగింది.

27 లేడు. వాడి జత పిల్లోడు, "ఆంటీ, ముందు బండిలో పోతానన్నాడు" అన్నాడు. ముందు బండిలో వచ్చినవాళ్ళు వాడు మాతో ఎక్కనేలేదన్నారు. తుంగభద్ర ఆ గుడికి ఎంత దగ్గరో అక్కడికి పోయినవాళ్ళకు తెలుసు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. ముందే అనుకున్న ప్రకారం ముగ్గురు టీచర్లు 41 మందినీ చెట్టుకింద కూర్చోబెట్టి కదలనీయకుండా చూసుకున్నారు. ఒక టీచరు గుడి గేటు కావలివాళ్ళ దగ్గరికి బండిలో పోయినారు. మేమిద్దరం దోవకు చెరొక పక్క నడుస్తా వెనక్కి పోయినాము. పాడుపడిన విఠల బజారు ఆ దోవ పొడుగునా ఉంటుంది, రాతి స్తంభాల వరసలు, ఎక్కడ చూసినా నీడ, ఎక్కడ చూసినా దాక్కునే చోటు. ఒక్కొక్క మండపం చూసుకుంటా పోయినాము. పది నిమిషాలు పట్టిందేమో. మాకు పది నిమిషాల లాగా లేదు.

ఒక మండపం నీడలో ఆడవాళ్ళు ఏడెనిమిది మంది అన్నం మూటలు విప్పుకొని కూర్చున్నారు. అనంతపురం పక్క వాళ్ళు, మంత్రాలయం చూసుకొని వచ్చినారంట. వాళ్ళ నడుమ మా 27. చేతిలో మజ్జిగ గ్లాసు. ఒక అవ్వ వాడి కడుపుమీద చెయ్యి వేసి ఏదో అడుగుతుంటే, వాడు తెలుగులో బదులు చెప్తున్నాడు. వచ్చీరాని తెలుగు కాదు. ఇంట్లో అవ్వతో మాట్లాడే తెలుగు.

"పొద్దున్నుంచి కడుపులో నొప్పంట బిడ్డకు. టీచరుకు చెప్పేదానికి సిగ్గంట. దోవలో కూలబడి ఉంటే పిల్చి కూర్చోబెట్టినాము. మీవాళ్ళు వస్తారులే, కదలొద్దు అని చెప్పినాము" అనింది ఆ అవ్వ. మాకు దండం పెట్టే మాట కూడా రాలేదు. ఆమెనే మాకు మజ్జిగ ఇచ్చింది. మాది చింతామణి అంటే, "అట్లనా, అయితే మనోళ్ళే" అనింది. ఎన్ని ఏండ్లయిందో ఆ మాట ఒక పరాయి మనిషి నోట విని!

తిరిగి నడుస్తుంటే వాడు మెల్లగా అన్నాడు. "ఆంటీ, అంకుల్, బస్సులో చెప్పొద్దు."

కడుపునొప్పి గురించి కాదు వాడు అనేది. కన్నడ రాజని బస్సులో అందరికన్నా గట్టిగా అరిచిన పిల్లోడు ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఎందుకు అరిచినాడో మాకు అప్పుడు అర్థమైంది. మా పాప నోరు మూసుకొని దాచుకుంటుంది, వీడు నోరు తెరిచి దాచుకుంటాడు. ఇద్దరి భయమూ ఒకటే, పుట్టిన ఊళ్ళోనే పరాయివాళ్ళం అవుతామేమో అని. "కడుపునొప్పి సంగతి టీచరమ్మకు చెప్పాల, మందు ఇవ్వాల కదా. ఇంకేమీ చెప్పము. అది నీ ఇంటి మాట, నీ ఇష్టం" అన్నాము. వాడు తలూపినాడు.

రాత్రి హొసపేటలో బస. మందు పడింది, వాడు నిద్రపోయినాడు. వాళ్ళమ్మకు ఫోను చేస్తే ఆమె కన్నడంలో మొదలుపెట్టి, బిడ్డ బాగున్నాడని తెలిసినాక ఏడుపులో తెలుగులోకి వచ్చింది. మేమూ తెలుగులోనే ధైర్యం చెప్పినాము.

మూడో రోజు రాజుల కోటలోపలి చోట్లు. మహానవమి దిబ్బ ఎక్కి, ఇక్కడి దసరా పండగనే తర్వాత 1610లో రాజ ఒడెయరు శ్రీరంగపట్నంలో మొదలుపెట్టినాడు, అదే ఇప్పటి మైసూరు దసరా అని పిల్లలకు చెప్పినాము. హజారరామ గుడి గోడమీద రామాయణం మూడు వరసలుగా చుట్టూ నడుస్తుంది, చదువు రాకపోయినా చదువుకోవచ్చు. కమల మహల్ కమానులు, ఏనుగుల లాయం గుమ్మటాలు సుల్తానుల కట్టడాల తీరులో ఉంటాయి. యుద్ధం చేసుకున్నవాళ్ళే ఒకరి దగ్గర ఒకరు కట్టేది నేర్చుకున్నారు.

అన్నిటికన్నా మాకు నచ్చింది మెట్ల పుష్కరిణి. 1980ల్లో తవ్వకాల్లో బయటపడింది. నల్లరాతి మెట్లు, లెక్క తప్పని కొలత. దగ్గరికి పోయి చూస్తే రాళ్ళమీద చిన్నచిన్న అక్షరాలు, గుర్తులు. ఏ రాయి ఏ పక్క, ఏ వరసలో పెట్టాలో పనివాళ్ళు ముందే రాసుకున్నారు. కొత్త బీరువా ముక్కలమీద నంబర్లు వేసి పంపుతారే, అట్లా. టెస్టింగు చేసేవాళ్ళకు కళ్ళనీళ్ళు వచ్చే దృశ్యం అది. పిల్లలకు చూపించి, "చూడండి, మీకు నంబర్లు ఇచ్చింది మేము కొత్తగా కనిపెట్టింది కాదు" అన్నాము.

అక్కణ్ణుంచి బస్సు దగ్గరికి వచ్చి ఈల వేసినాము. ఒందు, ఎరడు అని మొదలైంది. ఇప్పత్తైదు. ఇప్పత్తారు. తర్వాత కొంచెం ఆగింది. మా గుండె ఒకసారి జారింది.

"ఇరవై ఏడు" అన్నాడు వాడు.

ఎవరో కిసుక్కున నవ్వినారు. వాడు ముందుకే చూస్తా నిలబడినాడు. 28 కన్నడంలో వచ్చింది, 29 కన్నడంలో వచ్చింది. మా పాప నంబరు 31. "ముప్పై ఒకటి" అనింది, గేటు దగ్గర ఎన్నడూ వినని గొంతుతో. అంతే, మళ్ళీ మొదటినుంచి చెప్తామని పిల్లలు గోల పెట్టినారు. ఐదో నంబరు పాప తుళులో ఐన్ అనింది. పదహారో నంబరు తమిళంలో పదినారు అన్నాడు. పద్దెనిమిదో నంబరు మరాఠీలో అఠరా. 21వ నంబరు ఇక్కీస్. చాలామంది కన్నడంలోనే చెప్పినారు, అది వాళ్ళ ఇంటి మాట. లెక్క అంతా గందరగోళమై మేము మూడోసారి చేతితో తలలు ముట్టి లెక్కపెట్టాల్సి వచ్చింది. 42 ఉన్నారు.

ఇంటికి వచ్చి నెల దాటింది. పాప గేటు దగ్గర ఇప్పుడు గలగలా మాట్లాడేస్తుందని అనము. అవ్వ పిలిస్తే "ఊ" అంటుంది, కొన్నిసార్లు రెండు మాటలు. కానీ ఇంకొకటి జరిగింది. మా తాత లెక్కల పుస్తకాలు నాలుగు మా ఇంట్లో అట్టపెట్టెలో ఉన్నాయి. తాత పట్టుపురుగులు పెంచి గూళ్ళు శిడ్లఘట్ట మార్కెట్టుకు వేసేవాడు. ఆ లెక్కలు తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. మాకు రాసేది రాదు, చదివేది కన్నడం అక్షరాలతో పోల్చుకొని పోల్చుకొని కొంచెం. పాప అడిగి ఆ పెట్టె దింపించింది. బడిలో నేర్చిన కన్నడంతోనే మొదలుపెట్టింది. గ, జ, ర, ల, మ, య దాదాపు అవే. తలకట్టు కన్నడంలో అడ్డగీత, తెలుగులో కొడవలి మొన. క, త, శ, హ దగ్గర ఆగాల. ఆగినప్పుడు అవ్వను అడగాల. అవ్వకు అక్షరాలు రావు, కానీ మాట సగం చదివితే మిగతా సగం ఆమె చెప్తుంది. ఇట్లా ఇద్దరూ కలిసి ఒక పేజీ దాటినారు.

ఆ పేజీలో గూళ్ళ తూకం, ధర, బండి బాడుగ ఉన్నాయి. చివర్లో ఒక వరస పాపకు అర్థం కాలేదు. గట్టిగా చదివింది. అక్షరాలు తెలుగు, మాటలు కన్నడం: సాలద బాకి. అప్పు మిగిలింది. తాత తెలుగు అక్షరాల్లో కన్నడం రాసుకున్నాడు, ఏ మాట ముందు నోటికొస్తే అది. ఆయనకు అది రెండు భాషలు కాదు, లెక్క రాసుకునే మాట, అంతే. పాప చాలాసేపు ఆ వరసనే చూసింది. "శాసనం లాగానే ఉంది" అనింది.

మీ ఇళ్ళల్లో కూడా ఇట్లాంటి పెట్టెలు ఉంటాయి. హొసూరులో, బరంపురంలో, షోలాపూరులో, యానాంలో ఉండేవాళ్ళ ఇళ్ళల్లో పక్క అక్షరాలు వేరే ఉండొచ్చు, తమిళమో ఒడియానో మరాఠీనో. అప్పు పత్రాలు, పెండ్లి ఖర్చుల పట్టీలు, పాటల నోటు పుస్తకాలు. చెదలు ముట్టక ముందే ఫోనుతో ఒక్కొక్క పేజీ ఫోటో తీసి పెట్టండి. చదవగలిగే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే పక్కన కూర్చోబెట్టి చదివించి, గొంతు రికార్డు చేయండి. పిల్లల బడివాళ్ళు టూరుకు తోడు ఎవరైనా వస్తారా అని అడిగితే సెలవు పెట్టి పొండి. నిమ్మకాయలు ఎక్కువ పెట్టుకోండి. నంబర్లు ఇవ్వండి. నంబరు ఏ భాషలో చెప్పినా ఒప్పుకోండి, లెక్క కొంచెం ఆలస్యమైతే అవుతుంది.

మాకు ఇంకా దాదాపు నాలుగు పుస్తకాలూ మిగిలినాయి. ఈ ఆదివారం రెండో పేజీ.